మూడో అరలోని ఏడు చీటీలు

టెక్కలిలో మేం చదివిన డిగ్రీ కాలేజీ జువాలజీ లాబులో దావీదు ముప్ఫై ఒక్క సంవత్సరాలు అటెండరుగా పనిచేశాడు. కప్పలు తెప్పించడం, ఫార్మలిన్ కలపడం, సీసాలు తుడవడం, ప్రాక్టికల్ పరీక్షల రోజున బల్లల మీద నమూనాలు వరసగా పెట్టడం ఆయన పని. ఇందులో ఏ పనీ మనిషికి పేరు తెచ్చేది కాదు. దావీదు పేరు నలుగురికీ తెలిసింది ఆయన చేసిన ఒక తప్పు వల్ల. ఆ తప్పు బయటపడింది చచ్చి నలభై ఏళ్ళయిన ఒక పిట్ట కాలివేలి వల్ల.

ఆయన చేరింది 1979 జనవరిలో. ఏడో తరగతి చదివాడు. తండ్రి మిషన్ కాంపౌండులో తోటమాలి. పాస్టరుగారు ఒక మాట చెబితే కాలేజీ వాళ్ళు తీసుకున్నారు, ఏడాది పని చూసి ఖాయం చేస్తామన్నారు. అప్పట్లో జువాలజీ శాఖకి పెద్ద, ధర్మారావు మాస్టారు. ఆయన యౌవనంలో ఆదివారాలు సైకిలు వెనక తుపాకీ కట్టుకుని మందస కొండల కిందికీ, నౌపడ ఉప్పుమడుల వైపుకీ, ఉద్దానం తోటల్లోకీ వెళ్ళి పిట్టల్ని కొట్టి తెచ్చేవారు. చర్మం ఒలిచి, లోపల మందు రాసి, దూది కూరి, కళ్ళున్నచోట కూడా దూదే పెట్టి, కాలికి ఒక చీటీ కట్టేవారు. చీటీ మీద పిట్ట లాటిన్ పేరు, ఊరు, తేదీ, కింద ఆయన సంతకం. అలాంటివి నూట నలభై దాకా ఒక టేకు బీరువా అరల్లో ఉండేవి. పైన రెండు అరల్లో రంగురంగులవి. మూడో అరలో అన్నీ గోధుమరంగువి. సందర్శకులెవరైనా వస్తే మూడో అర తెరిచేవారు కాదు.

ఆ ఏడు మే నెలలో మాస్టారు పేపర్లు దిద్దడానికి వాల్తేరు వెళ్ళారు. మూడో అరలో పురుగు పడిందని, ఒకసారి ఎండలో పెట్టమని దావీదుకి చెప్పి వెళ్ళారు. దావీదు వాటిని వరండా మెట్ల మీద పాత పేపరు పరిచి ఎండబెట్టాడు. మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. పిట్టలు ఎగరలేదు, వాటి సంగతి అయిపోయింది కదా. చీటీలు ఎగిరాయి. కాళ్ళకి కట్టిన దారాన్ని పురుగు అప్పటికే కొరికి ఉంచింది. ఏడు చీటీలు ఊడిపోయాయి. సాయంత్రానికల్లా దావీదు ఏడింటినీ వెతికి పట్టుకున్నాడు. ఒకటి ప్రహరీ అవతల దొరికింది, ఒకటి ప్రిన్సిపాలుగారి సైకిలు చక్రం ఊచల్లో ఇరుక్కుని ఉంది. చీటీలు ఏడూ ఉన్నాయి, చీటీ లేని పిట్టలు ఏడూ ఉన్నాయి. ఏది దేనిదో మాత్రం ఆయనకి తెలియదు.

మాస్టారు వచ్చాక చెప్పేస్తే సరిపోయేది. కాని ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. దావీదు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలడు, లాటిన్ రాదు. కాసేపు ఆలోచించి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పొడుగు పేరున్న చీటీ పెద్ద పిట్టకి, పొట్టి పేరున్న చీటీ చిన్న పిట్టకి. అలా ఏడూ కట్టి అర మూసేశాడు.

మాస్టారు వచ్చారు. అర తెరిచి చూశారు. అప్పటికే ఆయన రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరాయి. "బాగా ఆరాయి" అన్నారు. జనవరిలో దావీదు ఉద్యోగం ఖాయమైంది. 1981లో మాస్టారు రిటైరయ్యారు, 1988లో పోయారు. ఈలోగా, కొత్తగా కట్టిన ఏడు దారాలూ తెల్లగా కనబడుతున్నాయని, దావీదు 1982లో మూడో అరలోని పిట్టలన్నిటికీ దారాలు మార్చేశాడు. ఇక తేడా ఆయనకీ తెలియదు.

తర్వాత ఏటా మార్చిలో ఆ అర బయటికి వచ్చేది. ప్రాక్టికల్ పరీక్షలో మూడో అర నుంచి ఒక పిట్టని పెట్టి, పేరు రాసి లక్షణాలు రాయమనేవారు. విద్యార్థులు చీటీ మీది పేరు ముందే బట్టీపట్టి వచ్చేవారు. చీటీని కాగితంతో కప్పి ఉంచినా, ఏ పిట్టకి ఏ పేరో అందరికీ తెలుసు. మా బ్యాచిలో నాకు వచ్చింది గొంతు మీద మచ్చలుండే ఒక అడవిపిట్ట. దాని గొంతు మీద మచ్చల్లేవు, అసలు గొంతు దగ్గర సగం ఈకలే లేవు. మచ్చలున్నాయని రాశాను. ఇరవైకి పద్దెనిమిది వచ్చాయి. అప్పుడు పరీక్ష చేసినాయన, మచ్చలున్న భాగాన్నే పురుగులు తినేశాయని మాకు వివరించాడు. మా బ్యాచిలోనే చదివిన లోకనాథం తర్వాత అదే కాలేజీలో లెక్చరరై, ఆ వివరణే తన విద్యార్థులకి చెబుతూ వచ్చాడు.

ప్రాక్టికల్స్ అయిన మర్నాడు దావీదు ప్రతి ఏడూ కడుపునొప్పని సెలవు పెట్టేవాడు. ఆయన బాప్టిస్టు సంఘంలో క్రమం తప్పని మనిషి. ఆదివారం కళ్ళు మూసుకుని తన తప్పులన్నీ వరసగా దేవుడికి ఒప్పుకునేవాడు. చీటీల సంగతి మాత్రం ఒప్పుకోలేదు. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం చెప్పకూడదని ఆజ్ఞ ఉంది గాని, పిట్ట పొరుగువాడు కాదని ఆయన అనుకున్నాడు. ఈ సంగతి తర్వాత ఆయనే నాకు చెప్పాడు.

2003 నవంబరులో గౌరీశ్వరి వచ్చింది. నందిగాం దగ్గర జీడితోట, కాస్త వరిపొలం ఉన్న రైతు కూతురు. మా కాలేజీలోనే 2000లో బీఎస్సీ చేసి, విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చదివి, హైదరాబాదులో ఒక లాబులో పరిశోధనకి చేరింది. చదువుకునే రోజుల్లో లాబులో చివరిదాకా ఉండేది ఆ అమ్మాయే, తలుపులు వేసేది దావీదు. అందుకని ఇద్దరికీ స్నేహం. ఆయన్ని బాబాయ్ అనేది, ఆయన పాపా అనేవాడు.

ఆమె పని పాటలు పాడే పిట్టల్లో ఏది దేనికి చుట్టమో తేల్చడం. పూర్వం పండితులు ముక్కు, కాళ్ళు, రంగు చూసి పిట్టల్ని కుటుంబాలుగా విడదీశారు. రంగురంగుల వాటికి మంచి మంచి కుటుంబాలు దొరికాయి. గోధుమరంగులో ఉండి, పొదల్లో దూరుతూ, ఎక్కడా ఇమడని వాటిని అన్నిటినీ ఒకే కుటుంబంలో పడేశారు. మన పెరళ్ళలో గుంపుగా గెంతుతూ గోలచేసే గోలపిట్టల కుటుంబం అది. నూరేళ్ళుగా ఆ కుటుంబం పెరుగుతూనే ఉంది. ఇప్పుడు డీఎన్ఏ చదివి, అందులో ఎవరు నిజంగా రక్తసంబంధీకులో, ఎవరు ఊరికే వచ్చి కూర్చున్నారో చూడాలి. మూడో అరలో ఎక్కువగా ఆ కుటుంబపు పిట్టలే ఉన్నాయని ఆమెకి గుర్తుంది. పైగా ఒక్కొక్కటీ ఏ ఊరిలో, ఏ తేదీన దొరికిందో ధర్మారావు మాస్టారి చేతిరాతతో ఉంది. దేశంలో చాలా మ్యూజియాల్లో అంత వివరం ఉండదు.

ఆమె చేతులకి తొడుగులు వేసుకుని, తొమ్మిది పిట్టల కాలివేళ్ళ అడుగు నుంచి నువ్వుగింజంత చర్మం కోసి, చిన్న చిన్న గొట్టాల్లో వేసింది. దావీదు పక్కనే నిలబడి చూశాడు. ఎండిపోయిన దానిలో ఏముంటుందని అడిగాడు. ఆమె చెప్పింది: ప్రతి జీవి ఒంట్లోనూ నాలుగే నాలుగు అక్షరాలతో రాసిన పొడుగాటి రాత ఉంటుంది. తల్లి నుంచి పిల్లకి దిగేటప్పుడు ఎన్నో తరాలకొకసారి ఒక అక్షరం మారుతుంది. రెండు పిట్టల రాతలు పక్కపక్కన పెట్టి చూస్తే, తేడాలు తక్కువుంటే దగ్గర చుట్టాలు, ఎక్కువుంటే ఎప్పుడో విడిపోయినవాళ్ళు. పాత పిట్టల్లో ఆ రాత ముక్కలు ముక్కలై ఉంటుంది, అతికించుకుంటూ చదవాలి.

"సీటీ మీద రాసిన పేరు గూడా తెలిసిపోద్దా పాపా?" అన్నాడు దావీదు.

"పేరు తెలీదు బాబాయ్. ఎవులికి సుట్టమో తెలుస్తాది. అది తెలిస్తే పేరు తప్పో కాదో మనమే సెప్పొచ్చు."

దావీదు ఆమెకి టీ తెచ్చి ఇచ్చాడు. తను తాగలేదు.

దాదాపు ఏడాది ఏ కబురూ లేదు. 2004 సెప్టెంబరులో గౌరీశ్వరి మళ్ళీ వచ్చింది. చిక్కిపోయి ఉంది. అరలోంచి రెండు పిట్టలు తీసి బల్లమీద పెట్టి కూర్చుంది. తొమ్మిదింటిలో ఏడు అనుకున్నట్టే గోలపిట్టల మధ్య కూర్చున్నాయి. రెండు కూర్చోలేదు. ఒకటి మాకందరికీ మార్కులు తెచ్చిపెట్టిన మచ్చలగొంతు పిట్ట. అది చలికాలంలో ఉత్తరాది నుంచి వచ్చి రెల్లుదుబ్బుల్లో ఉండే రెల్లుపిట్టల్లో పడింది. మందస కొండ కింద అడవిలో దొరికిన పిట్టకి ఇది జరిగే పని కాదు. రెండోది అక్కుపల్లిలో 1961లో కొట్టిన పసుపుకంటి పిట్ట. అది కూడా గోలపిట్టలకి దూరంగా, వేరే కొమ్మ మీద తేలింది. వేరే నమూనా కలిసిపోయిందేమోనని ఆమె మొత్తం పని మూడుసార్లు మొదటినుంచీ చేసింది. గొట్టాలు మార్చింది, మందులు మార్చింది, చివరికి లాబే మార్చింది. మూడుసార్లూ అదే జవాబు. ఎనిమిది నెలలు అయిపోయాయి.

ఇప్పుడేం చేస్తావని దావీదు అడిగాడు.

"మా ప్రొఫెసరు ఒకటే అంటన్నారు బాబాయ్. సేకరించినాయనకి పిట్టల్ని గుర్తుపట్టడం రాదు, పేర్లు తప్పు రాసుకున్నాడు, అలాగే థీసిస్ లో రాసీ అన్నారు."

"ఎవులికి రాదని?"

"ధర్మారావు మాస్టారికి."

దావీదు ఆమె ఎదుట ఎప్పుడూ కూర్చోలేదు. ఆ రోజు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మాస్టారు తప్పు రాయనేదు పాపా. సీటీలు ఊడిపోతే నాను కట్టినాను."

గౌరీశ్వరి ఎప్పుడని అడిగింది. డెబ్భై తొమ్మిదిలో అన్నాడు. ఎన్ని అని అడిగింది. ఏడు అన్నాడు. ఏయేవి అని అడిగింది. అది తనకే తెలియదని, దారాలు కూడా మార్చేశానని చెప్పాడు. ఏ లెక్కన కట్టావని అడిగితే పొడుగు పేరు, పొట్టి పేరు సంగతి చెప్పాడు.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. అర మూసింది, తెరిచింది, మళ్ళీ మూసింది. "నాను మూడేళ్ళు ఈ పిట్టల్నే సదివినాను బాబాయ్," అంది.

"తెల్సు."

"ఫస్టు మార్కు నాదే."

"తెల్సు పాపా. ఆ ఏడు నాకు రెండ్రోజులు కడుపునొప్పి."

తర్వాత ఆమె చేయవలసిన పని చేసింది. ఊడిన చీటీలు వాటిలో అవే తారుమారై ఉంటాయని, రెల్లుపిట్ట అని చీటీ ఉన్న పిట్టని మూడో అరలోంచి తీసి, కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి చూసింది. ఎండి రంగు మాసిన గొంతు మీద సన్నటి మచ్చలున్నాయి. ఇరవై అయిదేళ్ళుగా అవి అక్కడే ఉన్నాయి. రెల్లుపిట్టకి మచ్చలుండవు కాబట్టి ఎవరూ వెతకలేదు. దాని కాలివేలి ముక్క కూడా తీసుకుని వెళ్ళింది. నెల తిరక్కుండా జవాబు వచ్చింది. అది నూటికి నూరుపాళ్ళూ గోలపిట్టల కుటుంబమే. రెండు చీటీలు తారుమారయ్యాయి, అంతే. మాస్టారు రెండు పేర్లూ సరిగ్గానే రాశారు.

కాని దాంతో పని ముగియలేదు. ఒక చీటీ తప్పని తేలిన అరలో ఇక ఏ చీటీనీ నమ్మడానికి లేదని హైదరాబాదు ప్రొఫెసరు అన్నాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. తొమ్మిది నమూనాలూ తీసి పక్కన పెట్టారు. పసుపుకంటి పిట్టది నిజంగానే వింత జవాబా, లేక అది కూడా దావీదు కట్టిన చీటీయేనా అన్నది ఎవరూ చెప్పలేరు. కళ్ళలో దూది ఉంది కాబట్టి కన్ను పసుపో కాదో కూడా తెలియదు. మిగిలిన లక్షణాలు సరిపోతున్నాయని గౌరీశ్వరి వాదించింది. లక్షణాలు చూసే కదమ్మా నూరేళ్ళు పొరబడ్డాం అన్నాడు ప్రొఫెసరు. బతికున్న పిట్ట కావాలి.

ఇక్కడ కాలేజీలో లోకనాథానికి దావీదు తనే వెళ్ళి చెప్పాడు. లోకనాథం అప్పటికి శాఖకి పెద్ద. మొత్తం విని, ఈ మాట ఇంకెవరికైనా తెలుసా అని అడిగాడు. తెలుసన్నాడు దావీదు. అయితే చీటీలు మార్చక తప్పదుగాని, మార్చి దాకా ఆగమన్నాడు. విద్యార్థులు అప్పటికే పాత పేర్లతో రికార్డులు రాసేశారట. దావీదు ఆగనన్నాడు. ఆయన అధికారికి ఎదురు చెప్పడం అదే మొదటిసారి. లోకనాథం కళ్ళజోడు తీసి చూసుకుని, "నాకు ఆ మచ్చలు ఎప్పుడూ కనబళ్ళేదు దావీదూ. కళ్ళజోడు మార్చుకోవాలేమో అనుకున్నాను," అన్నాడు.

ఇంట్లో భార్య నయోమి ఒక్కటే ప్రశ్న వేసింది. పాతికేళ్ళుగా మార్చిలో ఆయన కడుపునొప్పికి తను కాచిన వాము కషాయమంతా దీనికేనా అని. అవునన్నాడు. ఆమె వాము డబ్బా తీసి అటక మీద పెట్టేసింది. మూడో రోజు, "ఆ పిట్ట మా ఊరిదేనా?" అని అడిగింది. ఆమె పుట్టిల్లు అక్కుపల్లి.

దావీదు పదిహేను రోజులు సెలవు పెట్టి అక్కుపల్లి వెళ్ళాడు. ఈసారి కడుపునొప్పి అని రాయలేదు, సొంత పని అని రాశాడు. పొద్దున్నే లేచి జీడితోటల గట్లమీదా, మొగలి డొంకల పక్కనా నడిచేవాడు. పిట్ట ఎలా ఉంటుందో గౌరీశ్వరి ఒక బొమ్మ పంపింది: వీపు గోధుమరంగు, గొంతూ రొమ్మూ తెలుపు, పొడుగు తోక, పసుపు కన్ను, దాని చుట్టూ నారింజ రంగు అంచు. పొదలోపల ఉన్నప్పుడు కనబడదని, పాడాలనుకుంటే మాత్రం పొద కొసకి ఎక్కుతుందని రాసింది. మొదటి వారం ఆయనకి కనబడినవన్నీ గోలపిట్టలే. తొమ్మిదో రోజున రత్నాలమ్మ అనే ముసలామె జీడితోట చివర, ఇసకదిబ్బకి ఆనుకుని ఉన్న రెల్లుగడ్డిలో ఒక పిట్ట కొసకి ఎక్కి పాడింది. దావీదు కదలకుండా నిలబడ్డాడు. అది తల తిప్పింది. కన్ను పసుపుగా ఉంది. ముప్ఫై అడుగుల దూరం నుంచి కూడా తెలిసింది.

ఆయన గౌరీశ్వరికి కార్డు రాశాడు. "ఒకటి చూశాను. పాడుచున్నది. పేరు నేను చెప్పను, నీవు వచ్చి చూసుకొనుము." మరుసటి రోజు రెండోది కనబడితే రెండో కార్డు. మొత్తం అయిదు కార్డులు వెళ్ళాయి.

పిట్టని పట్టాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. అది రావడానికి నాలుగు నెలలు పట్టింది. 2005 ఫిబ్రవరిలో గౌరీశ్వరి సన్నటి నల్లదారపు వలలు, రెండు పొడుగు గడలు పట్టుకుని అక్కుపల్లి దిగింది. రత్నాలమ్మ తోటలోకి వెళ్ళేసరికి ఆ ముసలామె జీడిచెట్ల కింద ఆకులు ఊడుస్తోంది. ఆమెది నయోమి వాళ్ళ ఇంటికి ఎదురిల్లే. దావీదుని అల్లుడి వరసలో పిలుస్తుంది.

"ఏటి అల్లుడూ, పిట్టల్ని కూరొండుతారేటి?"

"నేదత్తా. సుక్క రగతం తీసి ఒగ్గేత్తాం."

"ఏటికి?"

ఏ పిట్టకి ఏ పిట్ట చుట్టమో చూడ్డానికని గౌరీశ్వరి చెప్పింది. రత్నాలమ్మ ఊడవడం ఆపింది. పెళ్ళి సంబంధాలు చూస్తారా అని అడిగింది. అలాంటిది కాదని, ఊరికే తెలుసుకోవడానికేనని గౌరీశ్వరి చెప్పింది. ఊరికే తెలుసుకోవడం అన్నది ముసలామెకి వింతగా అనిపించినట్టు లేదు. తోట చివర వల కట్టుకోమని చెయ్యి చూపించింది. తర్వాత, చీపురు పక్కన పెట్టి ఒక మాట అంది.

"మా ఇంటాయనకి కిడ్నీ. అట్టాటోలు ఈ ఈదిలో ఏడుగురున్నారు. పోనేడు ఎవులో డాట్రులొచ్చి మా అందరి రగతం అట్టుకెళ్ళినారు. ఏటున్నాదో ఎవులూ మళ్ళీ వచ్చి సెప్పనేదు. నువ్వు పిట్టది అట్టుకెళ్ళు. ఏటొచ్చిందో మాత్రం వచ్చి సెప్పాల."

గౌరీశ్వరి చెబుతానంది. ఉద్దానంలో ఆ మాట తేలిగ్గా అనే మాట కాదని ఆమెకి తెలుసు. వాళ్ళ పెదనాన్న కూడా ఆ జబ్బుతోనే పోయాడు.

వల మూడు రోజులు కట్టారు. మొదటిరోజు నాలుగు గోలపిట్టలు, ఒక తేనెపిట్ట, రత్నాలమ్మ కోడిపెట్ట పడ్డాయి. గోలపిట్టల నుంచి రక్తం తీసి వదిలేశారు. కోడిని ఊరికే వదిలేశారు. రెండోరోజు ఏమీ పడలేదు. మూడోరోజు పొద్దు ఎక్కుతుండగా పసుపుకంటి పిట్టలు మూడు, ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. గౌరీశ్వరి ఒకదాన్ని విడదీసి దావీదు చేతికిచ్చింది. పాతికేళ్ళకు పైగా పిట్టల్ని పట్టుకుంటున్న మనిషి, వెచ్చటి పిట్టని పట్టుకోవడం అదే మొదటిసారి. దాని గుండె వేగంగా కొట్టుకుంటోంది, ఎక్కడ నొక్కేస్తానో అని ఆయన వేళ్ళు వదులు చేశాడు. ఆమె రెక్క కింద నరాన్ని సూదిమొనతో తాకి, వచ్చిన చుక్కని సన్నటి గొట్టంలోకి తీసుకుంది. దూది అద్దింది. దావీదు అరచెయ్యి విప్పాడు. పిట్ట వెంటనే ఎగరలేదు, కాసేపు ఆయన్ని చూసింది. "కన్ను పసుపే పాపా," అన్నాడు.

వల విప్పేముందు గౌరీశ్వరి ఒక చీటీ తీసి, ఊరు, తేదీ, పిట్ట పేరు ఆయన్నే రాయమంది. దావీదు రాయనన్నాడు. ఆమె బలవంతం చెయ్యలేదు, తనే రాసింది.

ఆగస్టులో జవాబు తేలింది. బతికున్న మూడు పిట్టల రాతా, 1961లో మాస్టారు కొట్టిన పిట్ట రాతా ఒకటే. ఆ చీటీ తప్పు కాదు. ఊడినా దావీదు సరిగ్గానే కట్టాడో, అసలు ఊడనే లేదో ఎప్పటికీ తెలియదు. పసుపుకంటి పిట్ట గోలపిట్టలకి దగ్గర చుట్టం కాదు. ఒకే తోటలో, ఒకే పొదలో, ఒకే రంగులో ఉంటాయి గాని, వందకి పదిహేను అక్షరాలు తేడా. దాని అసలు చుట్టాలు హిమాలయాల అవతల చైనా కొండల్లో, వెదురుపొదల్లో తిరిగే చిలకముక్కు చిన్నపిట్టలు. ఈ సంగతి రెండేళ్ళ ముందే యూరపులో వేరే వాళ్ళు వేరే చోట పట్టిన పిట్టలతో కనుక్కుని అచ్చువేశారు. కాబట్టి గౌరీశ్వరి చేసింది రెండోసారి రుజువు. రెండోసారి రుజువు లేకపోతే మొదటిది పుకారులా ఉండిపోతుందని ఆమె ప్రొఫెసరు అన్నాడు. ఆమె రెండేళ్ళ పని నిలబడింది.

ఆ నెలలోనే ఆమె, దావీదు బస్సులో పలాస వెళ్ళి, అక్కడ బస్సు మారి అక్కుపల్లి వెళ్ళారు. రత్నాలమ్మ అరుగుమీద కూర్చుని ఉంది. ఆమె భర్త వేసవిలో పోయాడు. రత్నాలమ్మే అడిగింది.

"పిట్టకేటొచ్చింది?"

గౌరీశ్వరి చెప్పింది. గోలపిట్టలకి దాని వరస కలవదని, దాని చుట్టాలు చైనా వైపు ఉన్నారని చెప్పింది. ఎన్నాళ్ళ కిందట విడిపోయారని రత్నాలమ్మ అడిగింది. కోటి ఏళ్ళు దాటి ఉంటుందని గౌరీశ్వరి చెప్పింది. ముసలామె దాన్ని మనసులో ఎక్కడో సర్దుకున్నట్టు తల ఊపింది.

"రాకపోకలు నేవు గదా మరి."

"నేవు మామ్మా."

"అయితే ఈ తోటలో ఉన్నోలే దానికి దిక్కు," అంది రత్నాలమ్మ. లేచి లోపలికి వెళ్ళి, ఆసుపత్రి కాగితాల సంచీ ఒకటి తెచ్చి గౌరీశ్వరి ఒళ్ళో పెట్టింది. అన్నీ ఆమె భర్తవి. వాటిలో ఏముందో కూడా చెప్పమంది. గౌరీశ్వరి తను ఆ చదువు చదవలేదని చెప్పబోయి ఆగి, ఒక్కొక్క కాగితం తీసి, అంకెలు చదువుతూ, తనకి తెలిసినంత వరకు చెప్పింది. తెలియనివి కాగితం మీద రాసుకుని, హైదరాబాదులో డాక్టరు స్నేహితురాలిని అడిగి, తర్వాత ఉత్తరం రాసింది. ఆ ఉత్తరాన్ని దావీదే తీసుకెళ్ళి చదివి వినిపించాడు. వీధిలో మిగిలినవాళ్ళు కూడా తమ సంచులు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. గౌరీశ్వరి స్నేహితురాలు రెండుసార్లు సెలవు పెట్టి వచ్చి చూసింది. దానివల్ల జబ్బు ఎవరికీ తగ్గలేదు. ఎంత ముదిరిందో మాత్రం అందరికీ తెలిసింది.

గౌరీశ్వరికి 2007లో డాక్టరేటు వచ్చింది. థీసిస్ లో ధర్మారావు మాస్టారి గురించి ఒక పేజీ ఉంది, ఆయన పొరబడ్డారన్న మాట ఎక్కడా లేదు. మూడో అరలోని పిట్టలన్నిటికీ రెండో చీటీ ఒకటి కట్టారు. గుర్తింపు మళ్ళీ సరిచూడాలి అని దానిమీద ఉంది. డీఎన్ఏతో సరిచూసినవాటికి ఆ చీటీ తీసేస్తూ వచ్చారు. మొత్తం మీద దావీదు కట్టిన ఏడింటిలో కనీసం నాలుగు తప్పు కట్టాడని తేలింది. పొడుగు పేరు, పొట్టి పేరు పద్ధతి ఎంతవరకు పనిచేస్తుందో కూడా ఆ రకంగా తెలిసింది.

దావీదు 2010 జనవరిలో రిటైరయ్యాడు. సన్మాన సభలో ప్రిన్సిపాలు ఆయన సేవల్ని మచ్చలేని సేవలన్నాడు. ముందు వరసలో కూర్చున్న లోకనాథం దగ్గాడు. దావీదు శాలువా కప్పించుకుని, అందరికీ దణ్ణం పెట్టి, నయోమితో అక్కుపల్లి వెళ్ళిపోయాడు. అక్కడ వాళ్ళకి పది కొబ్బరిచెట్లున్నాయి.

చలికాలంలో గౌరీశ్వరి తన విద్యార్థుల్ని పంపుతుంది. వల ఎక్కడ కట్టాలో, పిట్టని వేళ్ళ మధ్య ఎంత గట్టిగా పట్టుకోవాలో, ఎంత వదులుగా పట్టుకోవాలో దావీదు చూపిస్తాడు. పొదలో ఏదో గోధుమరంగుది కదిలితే వాళ్ళు పేరడుగుతారు. ఇప్పుడాయనకి చాలా పేర్లు తెలుసు, లాటిన్ వి కూడా. కచ్చితంగా తెలిస్తే చెబుతాడు. ఏ కాస్త అనుమానమున్నా, తనకి తెలియదని, పట్టి చూడమని అంటాడు. విద్యార్థులు వల గడలు భుజాన వేసుకుని నడుస్తారు. ఆయన వెనక నీళ్ళ సీసా పట్టుకుని వెళతాడు.